ఓర్పు, ఎదిరింపు, నిలదొక్కుకోవడం: ‘మాలపల్లి’ రామదాసు, ‘గబ్బిలం’ కథానాయకుడు - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జీవితంలో దెబ్బతిన్న మనిషి తిరిగి నిలబడటాన్ని తెలుగు సాహిత్యం ఎలా అర్థం చేసుకుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన రెండు రచనలను ఇందుకు ఆధారంగా తీసుకోవడం జరిగింది. ఒకటి ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ (1922). రెండోది గుఱ్ఱం జాషువా ఖండకావ్యం ‘గబ్బిలం’ (1941). మొదటిదానిలోని రామదాసు వేదాంత దృష్టితో దుఃఖాన్ని భరిస్తాడు. రెండోదానిలోని అరుంధతీ సంతతివాడు తన దుఃఖాన్ని ఫిర్యాదుగా మార్చి పంపుతాడు. ఈ రెండింటినీ ‘సహనం’ అనే ఒకే మాట కింద చేర్చి చదవడం వల్ల జరిగే నష్టాన్ని చూపి, నిలదొక్కుకోవడం అనేది వ్యక్తిలోని గుణం మాత్రమే కాదని, వినేవారితో, తోడు నిలిచేవారితో ముడిపడిన సామాజిక క్రియ అని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాలపల్లి, గబ్బిలం, జాషువా, ఉన్నవ, రామదాసు, సహనం, కర్మసిద్ధాంతం, నిలదొక్కుకోవడం.

1. ఉపోద్ఘాతం

కష్టాలను తట్టుకుని నిలబడే శక్తిని గురించి నేడు విద్యాసంస్థల్లో, వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో విస్తృతంగా చర్చ జరుగుతోంది. తెలుగు బోధనలో ఈ చర్చకు తరచుగా ఉదాహరణగా వచ్చే పేరు జాషువాది. పేదరికాన్నీ కులవివక్షనూ జయించి మహాకవి అయ్యాడన్న వాక్యంతో ఆయన పరిచయం మొదలై, చాలా సందర్భాల్లో అక్కడే ముగుస్తుంది. ఆ వాక్యంలో అసత్యం లేదు. అయితే అందులో కర్త ఒక్కడే ఉన్నాడు. దెబ్బ తిన్నవాడు కనిపిస్తాడు గాని, కొట్టినవాడు కనిపించడు. కష్టం వానలాగో గాలిలాగో వచ్చిపడినట్లు, కవి గొడుగు పట్టుకుని దాటిపోయినట్లు అర్థం వస్తుంది.

ఈ పరిభాషలోనే ఒక చిక్కు ఉంది. దెబ్బతిని తేరుకునే గుణానికి కొందరు ‘స్థితిస్థాపకత’ అనే పదం వాడుతున్నారు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల నుంచి వచ్చిన మాట ఇది. బలప్రయోగం ఆగాక వస్తువు తన పూర్వస్థితికి చేరుకోవడం దాని అర్థం. తీగ సాగుతుంది, వదిలితే మునుపటి పొడవుకు వస్తుంది. మనిషి విషయంలో ఈ పోలిక అన్నివేళలా కుదరదు. పూర్వస్థితి మేలైనదైతే దానికి తిరిగి చేరడం విజయమవుతుంది. పూర్వస్థితే అన్యాయమైతే దానికి తిరిగి చేరడాన్ని కోలుకోవడం అనవచ్చా? ఊరి బయట వాడలో పుట్టి, బడిలోనూ సభలోనూ దూరంగా ఉంచబడిన మనిషి ఏ స్థితికి తిరిగి చేరాలి?

తెలుగులో ఇందుకు తగిన మాట వేరే ఉంది. అది ‘నిలదొక్కుకోవడం’. కాలికింద నేల దొరికించుకుని, అడుగు గట్టిగా మోపి నిలవడం ఈ మాట ఇచ్చే చిత్రం. ఇందులో వెనక్కి పోవడమనే భావం లేదు. కొత్త చోటనైనా, కొత్త తీరునైనా నిలబడటం ఉంది. పైగా నిలబడటానికి నేల కావాలన్న ఎరుక ఉంది. ‘మాలపల్లి’, ‘గబ్బిలం’ రచనల్లో ఆ నేల ఏదన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. రచయితలు, నేపథ్యం

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877-1958) గుంటూరు జిల్లా వేములూరుపాడులో జన్మించారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. వితంతు వివాహాలను ప్రోత్సహించారు, గుంటూరులో స్త్రీవిద్య కోసం శారదానికేతనాన్ని స్థాపించారు. పల్నాడు పుల్లరి ఉద్యమ సందర్భంలో జైలుకు వెళ్లి, రాయవేలూరు జైలులో ‘మాలపల్లి’ రాశారు. ‘సంగవిజయం’ అనేది ఈ నవలకు మరో పేరు. మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది.

గుఱ్ఱం జాషువా (1895-1971) వినుకొండలో జన్మించారు. నల్లరేగడి చేలు, మెట్టపంటలు, మిరప, పత్తి ఉన్న ఈ సీమలో భూమి కొందరిది, చాకిరి మరికొందరిది. తల్లిదండ్రులు వేర్వేరు కులాలవారు. కుటుంబం క్రైస్తవాన్ని స్వీకరించింది. ఉపాధ్యాయుడిగా, మూకీ చిత్రాలకు వ్యాఖ్యాతగా, యుద్ధ ప్రచారకుడిగా, మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా అనేక కొలువులు చేశారు. పురాణ విషయాలపై పద్యాలు రాసినందుకు క్రైస్తవ సమాజం నుంచీ, పుట్టుక కారణంగా హిందూ పండిత సమాజం నుంచీ తిరస్కారం ఎదుర్కొన్నారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగిన ఘట్టం సాహిత్యలోకానికి తెలిసిందే. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి.

ఒకే జిల్లా, సుమారు ఇరవై ఏళ్ల వ్యవధి, ఒకే వస్తువు. అయితే ఒకరు ఆ వస్తువును సానుభూతితో దగ్గరికి వెళ్లి చూసిన అగ్రవర్ణ సంస్కర్త. మరొకరు ఆ వస్తువులోనే పుట్టినవారు. ఈ తేడా రెండు రచనల్లోని దుఃఖస్వరూపంలో స్పష్టంగా కనిపిస్తుంది.

3. రామదాసు: భరించడం ఒక సాధన

‘మాలపల్లి’ కథకు కేంద్రం రామదాసు కుటుంబం. రామదాసు మాల కులస్థుడు, భక్తుడు, తత్త్వజ్ఞుడు. కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. కూలి గింజలుగా ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా అన్న తగవులో కూలీల పక్షాన నిలిచినందుకు చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. మరో కొడుకు వెంకటదాసు ధనికులను కొల్లగొట్టి పేదలకు పంచే బృందానికి నాయకుడవుతాడు. అతడూ తండ్రికి దక్కడు. భూమి పోతుంది, భార్య మహాలక్ష్మి పోతుంది, కూతురు జ్యోతి పోతుంది. బైబిలులోని యోబు కథ చదివినవారికి ఈ వరుస పరిచితమే. ఒక్కొక్క ఆసరా తొలగిపోగా మిగిలిన మనిషి ఏమవుతాడన్నదే రెండుచోట్లా ప్రశ్న. అయితే యోబుకు పోయినవన్నీ రెట్టింపుగా తిరిగి వస్తాయి. రామదాసుకు ఏవీ తిరిగి రావు. యోబు దేవుణ్ని నిలదీస్తాడు. రామదాసు నిలదీయడు.

రామదాసు ఓర్పును బానిసత్వమని తోసిపుచ్చడం తొందరపాటు. అతడు భయంతో ఊరుకున్నవాడు కాదు. సంపద, బంధాలు, దేహం ఇవేవీ శాశ్వతం కావన్న నమ్మకాన్ని ఆచరణలో పెట్టినవాడు. అంటరానివాడని ముద్రపడిన మనిషికి ఉన్నతమైన ఆధ్యాత్మిక స్థాయినిచ్చి, వేదాంతం అగ్రవర్ణాల సొత్తు కాదని చూపడం 1922లో చిన్న విషయం కాదు. ఉన్నవ సాధించిన ఈ విలువను అంగీకరించిన తర్వాతే ఆ పాత్ర పరిమితిని చర్చించాలి.

పరిమితి ఇది. రామదాసు ఓర్పు అతణ్ని కాపాడుతుంది గాని, అతని పిల్లలను కాపాడదు. లోకం మిథ్య అన్న ఎరుక తండ్రి దుఃఖానికి మందు కావచ్చు. సంగదాసును కొట్టిన చేతికి అది అడ్డు కాలేదు. పైగా అటువంటి ఓర్పు కొట్టినవాడికి సౌకర్యంగా ఉంటుంది. ఈ సంగతి ఉన్నవకు తెలియదనుకోవడానికి వీలు లేదు. ఎందుకంటే నవలలోనే దానికి రెండు ప్రత్యామ్నాయాలు కనిపిస్తాయి. ఒకటి వెంకటదాసు తిరుగుబాటు. రెండోది సంగదాసు పేరిట ఏర్పడిన సంగపీఠం.

సంగపీఠం ఈ చర్చకు చాలా ముఖ్యమైనది. చౌదరయ్య కొడుకైన రామానాయుడు తన స్నేహితుడి మరణాన్ని ఇంటి దుఃఖంగా మిగిల్చిపెట్టడు. అది చదువుకు, సంస్కరణకు, సంఘటిత జీవితానికి కేంద్రమవుతుంది. కథలో చివరికి నిలదొక్కుకున్నది రామదాసు కుటుంబం కాదు, సంగదాసు ఆశయం. ‘సంగవిజయం’ అన్న రెండో పేరులో ‘సంఘం’ అనే మాట కూడా ధ్వనించడం గమనార్హం. అంటే ‘మాలపల్లి’లోనే రెండు సమాధానాలు ఉన్నాయి. రామదాసు ఇచ్చేది వ్యక్తి సమాధానం, సంగపీఠం ఇచ్చేది సమూహ సమాధానం. విమర్శ ఎక్కువగా మొదటిదానికి నమస్కరించింది. నవల పేరు మాత్రం రెండోదాని వైపు మొగ్గింది.

4. గబ్బిలం: దుఃఖానికి చిరునామా

‘గబ్బిలం’ నిర్మాణం కాళిదాసు ‘మేఘదూతం’ నుంచి వచ్చింది. యక్షుడు మేఘంతో ప్రియురాలికి సందేశం పంపితే, జాషువా కథానాయకుడు గబ్బిలంతో శివుడికి సందేశం పంపుతాడు. మార్పు దూత విషయంలోనే కాదు, సందేశంలోనూ ఉంది. యక్షుడిది విరహం. అతని శాపానికి గడువుంది, అది తీరితే పూర్వస్థితికి చేరతాడు. అరుంధతీ సంతతివాడి శాపానికి గడువు లేదు, చేరవలసిన పూర్వస్థితీ లేదు. ఉపోద్ఘాతంలో లేవనెత్తిన ప్రశ్నకు ఇక్కడ కావ్యరూపం దొరుకుతుంది. మేఘదూతం స్థితిస్థాపకత కావ్యమైతే, గబ్బిలం నిలదొక్కుకోవడానికి నేల వెతుక్కునే కావ్యం.

దూతగా గబ్బిలాన్నే ఎంచుకోవడంలో లోతైన ఔచిత్యం ఉంది. ఇంట్లోకి వస్తే అశుభమని లోకం భయపడే జీవి అది. అంటరాని మనిషికి అంటరాని జీవి తోడైంది. ఐతే ఆ జీవికి మనిషికి లేని ఒక అవకాశం ఉంది. అది గుడిలో వేలాడగలదు. దేవుడి చెవికి దగ్గరగా ఉండగలదు. పూజారి లేని సమయం చూసి తన జీవితచరిత్ర విన్నవించమని కథానాయకుడు కోరతాడు. ఈ ఒక్క కోరికలో అతని లోకజ్ఞానమంతా ఉంది. దేవుడు వినడేమోనన్న అనుమానం కంటే, మధ్యలో ఉన్నవాడు విననివ్వడన్న నిశ్చయం అతనికి బలంగా ఉంది.

రామదాసుకూ ఇతనికీ ప్రధాన భేదం కర్మసిద్ధాంతం దగ్గర తేలుతుంది. రామదాసుకు తాత్త్విక దృష్టి ఊరట. గబ్బిలం నాయకుడి దృష్టిలో కర్మసిద్ధాంతం తన నోరు కట్టివేసి తన తిండిని ఇతరులు అనుభవించడానికి పనికివచ్చిన సాధనం. బాధకు కారణం పూర్వజన్మలో ఉందని చెప్పినప్పుడు ఈ జన్మలో బాధ్యులెవరూ ఉండరు. జాషువా ఆ తర్కాన్ని తిప్పికొట్టి, కారణాన్ని ఈ జన్మలోకి, ఈ ఊళ్లోకి తీసుకువచ్చారు. వర్ణవ్యవస్థను నాలుగు పడగల పాముగా రూపించడం, దేవుళ్ల ఉత్సవాలకయ్యే ఖర్చునూ పేదవాడి ఖాళీ కంచాన్నీ పక్కపక్కన పెట్టడం ఇందులో భాగమే.

బాధను ఎవరికో ఒకరికి చిరునామా రాసి పంపగలగడం నిలదొక్కుకోవడంలో మొదటి మెట్టు. మూలుగుకు చిరునామా ఉండదు, ఫిర్యాదుకు ఉంటుంది. ఫిర్యాదు చేసేవాడు తనకు హక్కు ఉందని నమ్ముతాడు. ఆ నమ్మకమే అతని కాలికింద నేల.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ఎంత ఫిర్యాదు చేసినా, అది దేవుడికి చేసుకున్న విన్నపమే కదా, తిరుగుబాటు కాదు కదా అని అడగవచ్చు. 1990ల తర్వాత బలపడిన దళిత చైతన్యం దృష్టితో చూస్తే ఈ ప్రశ్న న్యాయమైనదే. గబ్బిలం నాయకుడు గుడి తలుపు బద్దలు కొట్టడు. అయితే కావ్యాన్ని విన్నవాడు శివుడు కాడు, పాఠకుడు. 1941 నాటి పద్యకావ్య పాఠకుల్లో ఎక్కువమంది గుడిలోకి వెళ్లగలిగినవారే. పూజారి లేనప్పుడు చెప్పమన్న మాటను, పూజారితో సహా అందరూ చదివే ఛందస్సులో జాషువా రాశారు. తమదని పండితులు భావించిన పద్యమే ఆ మాటను వారి ఇంట్లోకి చేర్చింది. ఆ అర్థంలో అసలు గబ్బిలం పద్యమే.

5. జాషువా చెప్పుకున్న ఇద్దరు గురువులు

జాషువా తన జీవితం గురించి చెప్పిన మాటల్లో బాగా ప్రచారంలో ఉన్నది గురువులకు సంబంధించినది. పేదరికం, కులమత భేదం అనే ఇద్దరు గురువులు తనకు దొరికారని, మొదటిది సహనాన్ని నేర్పితే, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందని ఆయన భావం. ప్రసంగాల్లో దీనిని స్ఫూర్తిదాయక వాక్యంగా ఉదాహరిస్తుంటారు. కాని అందులోని విభజనను గమనించినవారు తక్కువ.

జాషువా రెండు కష్టాలకు ఒకే మందు చెప్పలేదు. పేదరికానికి సహనం, కులభేదానికి ఎదిరింపు. లేమి చాలామందికి ఉంటుంది. దానిని ఓర్చుకుంటూ పని చేసుకోవచ్చు. అవమానం అలాంటిది కాదు. దానిని ఓర్చుకుంటే అది నిజమని ఒప్పుకున్నట్లవుతుంది. తన కవిత్వాన్ని మెచ్చుకున్న మనిషే కులం తెలిసిన తర్వాత లేచిపోయిన అనుభవాన్ని ఆయన పద్యం చేశారు. అక్కడ గాయం కవిత్వానికి కాదు, మనిషి అన్న గుర్తింపుకు తగిలింది. తన ద్వేషం సంఘం మీద కాదని, దాని విధానం మీదని కూడా ఆయన స్పష్టం చేశారు. ఇలా ఏది భరించాలో, ఏది భరించకూడదో, ఎవరిని ద్వేషించకూడదో వేరుచేసుకోవడమే జాషువా నిలకడకు మూలం. ‘సహనశీలి’ అనే ఒక్క విశేషణం ఈ మూడింటినీ కలిపేసి, రెండో గురువును పాఠం నుంచి తొలగిస్తుంది.

1932 నాటి ‘ఫిరదౌసి’లోనూ ఈ వివేకం కనిపిస్తుంది. మాట తప్పిన సుల్తాను వెండి పంపితే ఆ పారసీక కవి దానిని స్వీకరించడు. ఆలస్యంగా వచ్చిన బంగారం కవి మరణానికి పరిహారం కాదు. అక్కడి కవి పేదవాడు, అయినా పేదరికం కోసం అవమానాన్ని మింగడు. 1966లో వెలువడిన పద్యాత్మకథ ‘నా కథ’ ఈ క్రమంలో చివరి అడుగు. డెబ్బై ఏళ్ల వయసులో తన గాయాల క్రమాన్ని తానే నిర్ణయించి, తానే పేర్లు పెట్టి చెప్పడం అందులో జరిగింది. ఇతరులు రాసిన తన కథను మార్చి రాసుకోగలగడం కూడా నిలదొక్కుకోవడంలో భాగమే.

6. మనోవిజ్ఞాన పరిశోధన ఏమంటోంది?

పాశ్చాత్య మనోవిజ్ఞానంలోనూ ఇటువంటి మలుపే కనిపిస్తుంది. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాల పాటు పరిశీలించారు. పేదరికం, కుటుంబ కలహాలు వంటి పలు ఇబ్బందుల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారిలో చాలామందికి తల్లిదండ్రులు కాకపోయినా, నమ్మకంగా ఆదుకున్న మనిషి కనీసం ఒకరు ఉన్నారన్నది ఆ పరిశోధన ఇచ్చిన ముఖ్యమైన ఫలితం. దెబ్బలకు చలించని అసాధారణ బాలలు ఉంటారన్న తొలినాటి ఊహను తర్వాతి పరిశోధకులు వదులుకున్నారు. తట్టుకునే శక్తి అసాధారణ గుణం కాదని, మామూలు మానవ సంబంధాలు సక్రమంగా పనిచేసినప్పుడు పుట్టేదని యాన్ మాస్టెన్ 2001లో వివరించారు.

సంగదాసుకు రామానాయుడి స్నేహం, జాషువాకు చెళ్ళపిళ్ళ గౌరవం ఇటువంటి సంబంధాలే. వాటి విలువను ఒప్పుకున్నంత మాత్రాన జాషువా ప్రతిభ తగ్గదు. అటువంటి ఒక్క చేయి కూడా అందక నిశ్శబ్దంలో కలిసిపోయిన కవులెందరో ఉండి ఉంటారన్న ఆలోచన మాత్రం తప్పక కలుగుతుంది. గెలిచిన ఒకరిని చూపి మిగిలినవారు ఎందుకు గెలవలేదని అడగడం ఆ నిశ్శబ్దానికి మరో అన్యాయం.

జాషువా కుమార్తె హేమలతా లవణం కృషి ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం 1913లో ‘నేరస్థ జాతులు’గా ముద్రపడినవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. 1970ల నుంచి ఆమె అక్కడి కుటుంబాల మధ్య పనిచేశారు. ముద్రపడిన మనిషికి ధైర్యం చెప్పడంతో సరిపెట్టక, ముద్రను తొలగించే పని చేయడం ఆ కృషి సారాంశం. తండ్రి కావ్యంలో వెతికిన నేలను కుమార్తె జీవితంలో ఏర్పరచే ప్రయత్నం చేశారనవచ్చు.

7. నేటి సందర్భం

ఈ చర్చ పాఠ్యాంశానికే పరిమితం కాదు. 1987-88లో తెల్లదోమ విజృంభించి పత్తి దెబ్బతిన్నప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను నాశనం చేసింది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ రైతులకు వినిపించే మొదటి మాట ‘ధైర్యంగా ఉండండి’ అన్నదే. అది అవసరమైన మాట. ఒక ప్రాణాన్ని నిలబెట్టగల మాట కూడా. కాని కౌలుకు తీసుకున్న చేను, పెట్టుబడికి తెచ్చిన అప్పు, పనిచేయని మందు, యార్డులో పడిపోయిన ధర అలాగే ఉండగా ధైర్యం ఒక్కటే పరిష్కారమని చెబితే, ఓడిపోయినవాడు పిరికివాడన్న అర్థం తనంతట తానే వస్తుంది. కర్మసిద్ధాంతం నాడు చేసిన పనిని నేడు ఈ కొత్త మాట చేసే ప్రమాదం ఉంది. రెండింటిలోనూ కారణం బాధితుడి లోపలికే నెట్టబడుతుంది.

ఆ ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులే ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో గబ్బిలం పాఠం వింటున్నారు. జాషువాలా కష్టపడితే పైకి వస్తారని వారికి చెప్పడం ఒక బోధన. నీ ఫిర్యాదుకు విలువ ఉంది, దానిని ఎవరికి, ఏ భాషలో చెప్పాలో నేర్చుకో, వినేవారిని వెతుక్కో అని చెప్పడం మరో బోధన. కావ్యం రెండో బోధనకే ఎక్కువ ఆధారమిస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• ‘మాలపల్లి’లో రామదాసు ఓర్పు ఆధ్యాత్మికంగా ఉన్నతమైనదే. అయితే కథను ముందుకు నడిపిన నిలకడ సంగపీఠానిది. వ్యక్తి దుఃఖం సామాజిక రూపం పొందినప్పుడే అది విజయమైంది.

• ‘గబ్బిలం’ నాయకుడు దుఃఖాన్ని ఫిర్యాదుగా మార్చడం ద్వారా తనను హక్కులున్న మనిషిగా నిలబెట్టుకున్నాడు. కర్మసిద్ధాంత తిరస్కారం ఇందుకు పునాది.

• జాషువా ఆలోచనలో సహనం, ఎదిరింపు వేర్వేరు. లేమి విషయంలో ఒకటి, అవమానం విషయంలో మరొకటి. రెండింటినీ కలిపి చదవడం ఆయన భావానికి విరుద్ధం.

• పూర్వస్థితికి చేరడాన్ని సూచించే ‘స్థితిస్థాపకత’ కంటే ‘నిలదొక్కుకోవడం’ అన్న తెలుగు మాట దళిత జీవితానుభవానికి దగ్గరగా ఉంది.

• మనిషిలోని శక్తిని మెచ్చుకోవడంతో పాటు, ఆ శక్తి అవసరమయ్యేలా చేసిన పరిస్థితులను ప్రశ్నించినప్పుడే ఈ రచనల బోధన సమగ్రమవుతుంది.

జాషువా ఎన్ని దెబ్బలు తట్టుకున్నారో లెక్కించడం సులభం. ఒక కవి అన్ని దెబ్బలు తినవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్నది ‘గబ్బిలం’ ఎనిమిది దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్న. కవిని ప్రశంసించే ప్రతి సందర్భంలోనూ ఆ ప్రశ్నకు కూడా చోటు ఉండాలి.